శిశువుకు భాష ఎట్లా వస్తుంది? – సిద్ధాంతాల చరిత్ర

మాటలు రాని పసివానికి ఎవ్వరూ ఏ భాషా వినిపించకపోతే వాడు ఏ భాష మాట్లాడతాడు? ఈ ప్రశ్న చాలా పాతది. క్రీ. పూ. 7వ శతాబ్దంలో ఈజిప్టును పాలించిన సామెటికస్ రాజు ఇద్దరు శిశువులను ఒక గొర్రెల కాపరికి అప్పగించి, వారి ఎదుట ఎవ్వరూ నోరు మెదపరాదని శాసించినాడట. రెండేళ్ళకు ఆ పిల్లలు చేతులు చాచి “బెకోస్” అన్నారనీ, ఫ్రిజియన్ భాషలో ఆ మాటకు రొట్టె అని అర్థం కనుక ఫ్రిజియన్లే మొదటి జాతి అని రాజు నిర్ణయించినాడనీ గ్రీకు చరిత్రకారుడు హెరోడటస్ వ్రాసినాడు.

మన దేశంలో 16వ శతాబ్దంలో అక్బరు చక్రవర్తి ఇటువంటి పరీక్షే చేసినాడు. శిశువులను మాట్లాడని పరిచారకుల మధ్య పెంచినారు. కొన్నేళ్ళ తరువాత చక్రవర్తి వెళ్ళి చూడగా ఆ ఇంట ఒక్క మాట కూడా వినిపించలేదని అబుల్ ఫజల్ రచించిన ‘అక్బర్‌నామా’ తెలుపుతున్నది. ఆకలివలె మాట తనంత తాను పుట్టదని ఈ పరీక్ష చూపింది. కాని ఆ జ్ఞానానికి మూల్యం చెల్లించినవారు ఆ పసివారే.

ఇంటిలోని పరిశీలనలు

పిల్లలను వేరుచేయకుండా, తల్లిదండ్రుల మధ్య ఉండగానే గమనించే పద్ధతి 19వ శతాబ్దంలో వచ్చింది. చార్లెస్ డార్విన్ 1839లో పుట్టిన తన కుమారుని చేష్టలను ఒక పుస్తకంలో వ్రాసి ఉంచి, 1877లో ప్రకటించినాడు. సరిగ్గా ఏడాది వయస్సులో ఆ బాలుడు ఆహారానికి “మమ్” అనే పేరు తానే కల్పించినాడు. ఎవరూ నేర్పని మాటను శిశువు సృష్టించడం డార్విన్‌కు విశేషంగా తోచింది. 1882లో జర్మనీలో విల్హెల్మ్ ప్రేయర్ తన కుమారుని పరిశీలనలతో ఒక పెద్ద గ్రంథమే వెలువరించినాడు.

తనలో తాను మాట్లాడుకొనే పిల్లవాడు

స్విట్జర్లండుకు చెందిన జాఁ పియాజే జెనీవాలో పిల్లల మాటలను విని, 1923లో ఒక గ్రంథం ప్రచురించినాడు. పిల్లలు ఆడుకొంటూ ఎదుటివారు విన్నారా లేదా అని చూడకుండా ఏదో చెప్పుకుంటూనే ఉంటారు. ఇతరుల దృష్టితో చూడగల శక్తి ఇంకా రాకపోవడమే దీనికి కారణమని పియాజే అభిప్రాయం. ఆలోచన ముందు పెరుగుతుంది, భాష దానిని అనుసరిస్తుంది అని ఆయన సిద్ధాంతం.

రష్యాలో లెవ్ విగోత్‌స్కీ దీనిని అంగీకరించలేదు. పని కష్టమైనప్పుడు పిల్లల స్వగతం మరింత పెరగడం ఆయన గమనించినాడు. బొమ్మ వేసే పిల్లవానికి పెన్సిలు దొరకకపోతే ఏమి చేయాలో పైకి చెప్పుకొంటాడు. అనగా ఆ మాటలే వాని ఆలోచనకు పనిముట్లు. పెద్దలతో సంభాషణగా మొదలైన భాష స్వగతమై, చివరకు మనస్సులోని మౌనభాషగా మారుతుందని ఆయన వివరించినాడు. విగోత్‌స్కీ 1934లో క్షయవ్యాధితో 37వ ఏట మరణించినాడు. ఆయన ప్రధాన గ్రంథం ఆ సంవత్సరమే వెలువడింది. కాని ఆంగ్లానువాదం 1962లో గాని రాలేదు.

అనుకరణయా, నియమమా?

ఇంతలో అమెరికాలో వేరొక వాదం బలపడింది. సరియైన పలుకుకు మెప్పు లభిస్తే ఆ పలుకు స్థిరపడుతుందనీ, భాష కూడా అన్ని అలవాట్ల వంటిదేననీ బి. ఎఫ్. స్కిన్నర్ 1957లో ప్రతిపాదించినాడు. దీనిపై నోమ్ చామ్‌స్కీ 1959లో తీవ్రమైన విమర్శ వ్రాసినాడు. శిశువు వినే వాక్యాలు పరిమితం. అనగలిగే వాక్యాలు అపరిమితం. కనుక భాషను నిర్మించే శక్తి మానవునికి పుట్టుకతోనే ఉండాలని ఆయన వాదం.

ఈ వివాదంలో ఒక చిన్న ప్రయోగం గొప్ప వెలుగు చూపింది. 1958లో జీన్ బెర్కో పిచ్చుక వంటి ఒక బొమ్మను పిల్లలకు చూపి, “ఇది వగ్” అన్నది. తరువాత రెండు బొమ్మలు చూపి, “ఇవి రెండు...” అని ఆగింది. పిల్లలలో అధిక సంఖ్యాకులు “వగ్స్” అన్నారు. ఆ మాట వారు ఎన్నడూ వినలేదు. కనుక అది అనుకరణ కాదు, నియమం.

ఈ పరీక్షను తెలుగులో ఊహించుకోవచ్చు. కోతి – కోతులు, పులి – పులులు, గది – గదులు. ఇక్కడ చివరి ఇకారం ఉకారంగా మారుతున్నది. “లూకి” అనే లేని జంతువును బొమ్మగా వేసి పిల్లవానిని అడిగినప్పుడు, వాడు “లూకులు” అంటే, ఏ వ్యాకరణ పుస్తకమూ తెరువకుండానే ఆ సూత్రాన్ని పట్టుకొన్నాడన్న మాట.

తప్పులు కూడా ఇదే కథ చెబుతాయి. ఆంగ్ల శిశువు మొదట “కేమ్” అని సరిగానే అంటాడు. తరువాత కొంతకాలం “కమ్‌డ్” అంటాడు. ఇది వెనుకబాటు కాదు, నియమం దొరికినదనడానికి గుర్తు. రోజర్ బ్రౌన్ 1962 నుండి హార్వర్డులో ముగ్గురు పిల్లల సంభాషణలను ఏళ్ళ తరబడి పరిశీలించినాడు. తల్లిదండ్రులు సాధారణంగా పిల్లల మాటలోని నిజానిజాలను దిద్దుతారే గాని వ్యాకరణాన్ని దిద్దరని ఆ పరిశీలనలలో తేలింది.

ఉయ్యాలలోని శ్రోత

పుట్టుకతో వచ్చేది ఏది, వినికిడితో వచ్చేది ఏది? 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ప్రకటించిన పరిశోధన ఇందుకు కొంత సమాధానం. ఆంగ్లం వింటూ పెరిగే 6–8 నెలల శిశువులు హిందీలోని ‘ట’, ‘త’ ధ్వనుల భేదాన్ని గుర్తించినారు. 10–12 నెలల వారిలో ఆ శక్తి చాలవరకు తగ్గిపోయింది. తెలుగు వినే శిశువుకు ఈ భేదం నిత్యావసరం. ఆంగ్లం వినేవారికి కాదు. 1996లో జెన్నీ సఫ్రాన్, ఆమె సహచరులు, 8 నెలల శిశువులు కేవలం 2 నిమిషాలు విన్న ధ్వనిప్రవాహంలోనే ఏ అక్షరం తరువాత ఏది తరచుగా వస్తుందో గ్రహించి, మాటల హద్దులు కనుగొంటారని చూపినారు. భాషకే ప్రత్యేకమైన శక్తి ఉన్నదా, సామాన్యమైన తెలివి చాలునా అనే వాదం నేటికీ ముగియలేదు.

మనాగువా పిల్లలు

అక్బరు ప్రశ్నకు మరొక జవాబు మధ్య అమెరికాలోని నికరాగువాలో దొరికింది. అంతకుముందు అక్కడి బధిర బాలురు ఎవరి ఇంట వారు, ఒంటరిగా పెరిగేవారు. 1977లో మనాగువా నగరంలో వారికొక పాఠశాల ఏర్పడింది. ఉపాధ్యాయులు పెదవుల కదలికలు చూపి స్పానిష్ నేర్పబోయినారు, ఫలితం స్వల్పం. కాని ఆటస్థలంలో, బస్సులలో పిల్లలు తమ ఇంటి సైగలను కలబోసుకొన్నారు. 1986లో అక్కడికి వెళ్ళిన భాషాశాస్త్రజ్ఞురాలు జూడీ కెగల్, తరువాత ఆన్ సెంఘాస్ చేసిన పరిశోధనల వల్ల, చిన్న వయస్సులో చేరిన పిల్లలు ఆ సైగలకు క్రమబద్ధమైన వ్యాకరణం కల్పించినారని తెలిసింది. ఆలస్యంగా చేరినవారికి ఆ పటిమ అంతగా రాలేదు.

అక్బరు ఇంటిలో శిశువుల పోషణకు సేవకులు ఉన్నారు, సంభాషణ లేదు. మనాగువాలో భాష నేర్పేవారు లేరు, సంభాషణకు తోడు ఉన్నది. శిశువు భాషను తానే నిర్మించుకొంటాడు. కాని ఒంటరిగా నిర్మించుకోలేడు. అందుకు సమయం కూడా మించిపోరాదు.

తరగతిలో పిల్లవాడు తప్పు రూపం పలికినప్పుడు దాని వెనుక ఏ నియమం ఉన్నదో ఒక్క క్షణం ఆలోచించడం ఉపాధ్యాయునికి ఉపయోగకరం. బధిర శిశువు విషయంలో ఇది మరింత ముఖ్యం. భారతీయ సైగల భాషను దేశమంతటా ప్రామాణికం చేయాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. వినలేని బిడ్డకు చేతులతో మాట్లాడే తోడు బడికి రాకముందే, తల్లి ఒడిలో ఉన్ననాడే దొరకాలి.