కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఏడాది పొడవునా అవకాశాలు: ఏ నెలలో ఏది?

వేసవి సెలవులలో చేసే పరిశోధనకు దరఖాస్తు గడువు శీతాకాలంలోనే ముగిసిపోతుంది. ఫిబ్రవరిలో రాసే పరీక్షకు వర్షాకాలంలోనే పేరు నమోదు చేసుకోవాలి. డిసెంబర్‌లో జరిగే పోటీకి ఆగస్టు నాటికే జట్టు సిద్ధం కావాలి. కంప్యూటర్ సైన్స్ చదివే విద్యార్థులకు దేశంలో అందుబాటులో ఉన్న ముఖ్యమైన అవకాశాలు చాలావరకు ఇదే తీరున నడుస్తాయి.

ఐఐటీలు, ఎన్ఐటీల ప్రాంగణాలలో ఈ సంగతి పై తరగతుల వారి ద్వారా కొత్త విద్యార్థులకు తెలిసిపోతుంది. విశ్వవిద్యాలయాల అనుబంధ కళాశాలలలో, ముఖ్యంగా పెద్ద నగరాలకు దూరంగా ఉన్నచోట, అటువంటి వాతావరణం తక్కువ. అక్కడ అర్హత ఉన్న విద్యార్థి కూడా గడువు దాటిన తరువాతే విషయం తెలుసుకునే పరిస్థితి ఉంది. ఖచ్చితమైన తేదీలు ఏటా మారినా, నెలలు పెద్దగా మారవు. అందువల్ల విద్యా సంవత్సరం క్రమంలో ఏ కాలంలో దేనికి సిద్ధపడాలో ముందుగా తెలుసుకోవడం మేలు.

జులై నుంచి సెప్టెంబర్ వరకు

విద్యా సంవత్సరం ఆరంభంలో మొదట గమనించవలసినది ఎన్‌పీటెల్. ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలసి నడిపే ఈ కార్యక్రమంలో ఏటా జులైలోను, జనవరిలోను కొత్త కోర్సులు మొదలవుతాయి. ఇవి నాలుగు, ఎనిమిది లేదా పన్నెండు వారాల పాటు సాగుతాయి. పాఠాలు వినడానికి, ప్రతి వారం ఇచ్చే అభ్యాసాలు చేయడానికి రుసుము లేదు. ధ్రువపత్రం కావాలనుకున్నవారు మాత్రం రుసుము చెల్లించి, నిర్దేశించిన కేంద్రానికి స్వయంగా వెళ్లి పరీక్ష రాయాలి. తుది మార్కులలో 25 శాతం వారపు అభ్యాసాలకు, 75 శాతం పరీక్షకు కేటాయిస్తారు. అల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌ల వంటి మౌలిక విషయాలను బోధించే అధ్యాపకుల కొరత ఉన్న కళాశాలలలో ఈ పాఠాలు ఆ లోటును కొంతవరకు తీరుస్తాయి. విశ్వవిద్యాలయం అంగీకరిస్తే వీటి క్రెడిట్లను డిగ్రీలో కలుపుకోవచ్చు. కోర్సులో చేరే ముందే ఆ విషయాన్ని విభాగాధిపతిని అడిగి నిర్ధారించుకోవాలి.

ఇదే కాలంలో గేట్ పరీక్షకు దరఖాస్తులు ప్రారంభమవుతాయి. భారతీయ విజ్ఞాన సంస్థతో పాటు బొంబాయి, ఢిల్లీ, గువాహటి, కాన్పూర్, ఖరగ్‌పూర్, మద్రాస్, రూర్కీ ఐఐటీలు వంతులవారీగా ఈ పరీక్షను నిర్వహిస్తాయి. సాధారణంగా ఆగస్టు చివరిలో నమోదు మొదలై, పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది. మూడు గంటల వ్యవధిలో 100 మార్కులకు 65 ప్రశ్నలు ఉంటాయి. డిగ్రీ మూడవ సంవత్సరం చదువుతున్నవారు కూడా రాయవచ్చు. స్కోరు మూడేళ్ల పాటు చెల్లుతుంది కనుక, మూడవ సంవత్సరంలో రాసినవారికి చివరి సంవత్సరంలో మరో ప్రయత్నం మిగిలి ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ పేపరుతో పాటు డేటా సైన్స్, కృత్రిమ మేధ అంశాలపై 2024 నుంచి మరో పేపరును ప్రవేశపెట్టారు. మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలు, దివ్యాంగ అభ్యర్థులకు దరఖాస్తు రుసుములో సగం రాయితీ ఉంటుంది. గేట్ ద్వారా ఎంటెక్‌లో చేరి అర్హత పొందినవారికి నెలకు 12,400 రూపాయల విద్యార్థి వేతనం లభిస్తుంది. పలు ప్రభుత్వ రంగ సంస్థలు కూడా ఉద్యోగ నియామకాలకు ఈ స్కోరునే ఆధారంగా తీసుకుంటాయి.

స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కు కూడా సన్నాహం ఈ నెలల్లోనే సాగాలి. కేంద్ర విద్యాశాఖ, అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2017లో ప్రారంభించిన ఈ పోటీలో కేంద్ర మంత్రిత్వ శాఖలు, రాష్ట్ర ప్రభుత్వ విభాగాలు, పరిశ్రమలు తమ వాస్తవ సమస్యలను విద్యార్థుల ముందుంచుతాయి. జట్టులో ఆరుగురు ఉండాలి. వారిలో కనీసం ఒక విద్యార్థిని తప్పనిసరి. ఇటీవలి సంవత్సరాలలో తుది పోటీలు డిసెంబర్‌లో జరిగాయి. సాఫ్ట్‌వేర్ విభాగంలో తుది పోటీ 36 గంటల పాటు ఏకధాటిగా సాగుతుంది. అయితే విద్యార్థులు దీనికి నేరుగా దరఖాస్తు చేయలేరు. ముందుగా కళాశాల స్థాయిలో పోటీ నిర్వహించి, ఎంపికైన జట్లను కళాశాల తరఫున బాధ్యత వహించే అధ్యాపకుడు ప్రతిపాదించాలి. కళాశాల ముందుకు రాకపోతే అక్కడి విద్యార్థులందరికీ ఆ ఏడాది దారి మూసుకుపోయినట్లే. కనుక బాధ్యుడైన అధ్యాపకుడు ఎవరో ఆగస్టులోపే తెలుసుకోవడం అవసరం.

సాంకేతిక విద్య డిగ్రీలో మొదటి సంవత్సరం లేదా లేటరల్ ఎంట్రీ ద్వారా రెండవ సంవత్సరంలో చేరిన విద్యార్థినులకు ప్రగతి ఉపకార వేతనం ఉంది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలకు మించని వారికి ఏడాదికి 50 వేల రూపాయల చొప్పున ఇస్తారు. దరఖాస్తు జాతీయ ఉపకార వేతనాల పోర్టల్ ద్వారా చేయాలి. ఆదాయ ధ్రువపత్రం జారీకి సమయం పడుతుంది కాబట్టి, ప్రవేశం పొందిన వెంటనే దానికి దరఖాస్తు చేసుకోవడం మంచిది.

అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు

ప్రోగ్రామింగ్ పోటీలలో విశ్వవిద్యాలయ విద్యార్థులకు అత్యంత ప్రతిష్ఠాత్మకమైనది అంతర్జాతీయ కాలేజియేట్ ప్రోగ్రామింగ్ పోటీ. ఐసీపీసీగా పిలిచే ఈ పోటీకి 1970లో అమెరికాలోని టెక్సస్‌లో బీజం పడింది. ఒకే సంస్థకు చెందిన ముగ్గురు సభ్యులు, ఒకే కంప్యూటర్, ఐదు గంటల సమయం: ఇదే దీని స్వరూపం. ముగ్గురిలో ఒకరు కోడ్ రాస్తుండగా, మిగిలిన ఇద్దరు కాగితంపై ఆలోచించాలి. ఒక సమస్యను పరిష్కరించిన ప్రతిసారీ జట్టు బల్ల వద్ద ఒక రంగు బెలూన్ కట్టడం ఆనవాయితీ. మన దేశంలో ముందుగా ఆన్‌లైన్‌లో ప్రాథమిక దశ, ఆ తరువాత ప్రాంతీయ పోటీలు జరుగుతాయి. కేరళలోని అమృతపురి, ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూర్, చెన్నై వంటి చోట్ల ప్రాంతీయ పోటీలు జరుగుతూ వచ్చాయి. జట్టు నమోదుకు ఒక శిక్షకుడి పేరు ఇవ్వాలి. సాధారణంగా కళాశాల అధ్యాపకుడే ఆ బాధ్యత తీసుకుంటారు.

పోటీల కంటే పరిశోధనపై ఆసక్తి ఉన్నవారు ఈ కాలంలో మరువరాని ప్రకటన ఒకటి ఉంది. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, న్యూఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, ప్రయాగ్‌రాజ్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఉమ్మడిగా వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు అందిస్తాయి. ఎంపికైనవారు రెండు నెలల పాటు ఒక ప్రముఖ శాస్త్రవేత్త మార్గదర్శకత్వంలో పనిచేస్తారు. ఫెలోషిప్ మొత్తంతో పాటు ప్రయాణ ఖర్చు కూడా ఇస్తారు. ఇంజినీరింగ్ విభాగంలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు, వారితో పాటు అధ్యాపకులకు కూడా అవకాశం ఉంది. దరఖాస్తు గడువు సాధారణంగా నవంబర్, డిసెంబర్ నెలలలోనే ముగుస్తుంది. అధ్యాపకుని సిఫారసు లేఖ, ఏ విషయంపై ఎందుకు పనిచేయదలచినదీ వివరించే చిన్న రాతప్రతి అవసరమవుతాయి. సిఫారసు లేఖను చివరి రోజున అడిగితే పని జరగదు.

జనవరి నుంచి మార్చి వరకు

ఏడాదిలో అత్యంత రద్దీగా ఉండే కాలం ఇది. గేట్ పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది. ఎన్‌పీటెల్ రెండవ విడత జనవరిలో మొదలవుతుంది. పలు ఐఐటీలు వేసవి ఇంటర్న్‌షిప్‌లకు దరఖాస్తులు ఆహ్వానించేది కూడా ఈ నెలల్లోనే. ఐఐటీ మద్రాస్ వేసవి ఫెలోషిప్, ఐఐటీ గాంధీనగర్, ఐఐటీ కాన్పూర్ వేసవి పరిశోధన కార్యక్రమాలు వీటిలో ప్రసిద్ధమైనవి. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ కూడా ఇతర కళాశాలల విద్యార్థులకు వేసవి పరిశోధన అవకాశం కల్పిస్తుంది.

ఐఐటీ బొంబాయిలోని ఫాసీ కార్యక్రమం తీరు కొంత భిన్నం. కేంద్ర విద్యాశాఖ తోడ్పాటుతో విద్యలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వినియోగాన్ని ప్రోత్సహించే ఈ కార్యక్రమంలో, విద్యార్థులు ముందుగా ఇచ్చిన పనిని చేసి చూపాలి. ఆ పనిలోని నాణ్యతే ఎంపికకు ప్రాతిపదిక. మార్కుల జాబితాలో వెనుకబడినా చేతిలో పని ఉన్న విద్యార్థికి ఇది అనుకూలమైన మార్గం.

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ స్వభావం కూడా ఇటువంటిదే. 2005లో మొదలైన ఈ కార్యక్రమం 2022 నుంచి విద్యార్థులకే పరిమితం కాకుండా, 18 ఏళ్లు నిండి ఓపెన్ సోర్స్‌కు కొత్తవారైన అందరికీ తెరిచి ఉంది. పాల్గొనే సంస్థల జాబితా సాధారణంగా ఫిబ్రవరిలో వెలువడుతుంది. దరఖాస్తులు మార్చి, ఏప్రిల్ నెలలలో స్వీకరిస్తారు. పని ఇంటి నుంచే చేయవచ్చు. పారితోషికం దేశాన్ని బట్టి మారుతుంది. ప్రకటన వెలువడిన తరువాత ప్రతిపాదన రాయడం మొదలుపెట్టేవారి కంటే, నెలల ముందే ఒక ప్రాజెక్టును ఎంచుకుని, అందులోని చిన్న లోపాలను సరిదిద్ది, మార్గదర్శకులతో పరిచయం పెంచుకున్నవారికే అనుకూలత ఎక్కువ. వికీపీడియాను నిర్వహించే వికీమీడియా కూడా ఇందులో అనేకమార్లు పాల్గొన్నది. తెలుగు వంటి భాషలకు అవసరమైన సాఫ్ట్‌వేర్‌పై ఆసక్తి ఉన్నవారికి అటువంటి వేదికలు తగినవి.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు

పై చదువులకు ప్రవేశ పరీక్షల కాలమిది. కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థ, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్షలు సాధారణంగా మే నెలలో జరుగుతాయి. దరఖాస్తులు మాత్రం మార్చి ప్రాంతంలోనే స్వీకరిస్తారు. గణితంలో పట్టున్నవారికి ఈ రెండూ ఉత్తమమైన గమ్యాలు. గేట్ రాయని ఇంజినీరింగ్ పట్టభద్రులు రెండు తెలుగు రాష్ట్రాలు నిర్వహించే పీజీఈసెట్ ద్వారా రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఎంటెక్‌లో చేరవచ్చు.

బీఎస్సీ, బీసీఏ విద్యార్థులు ఈ అవకాశాలన్నీ ఇంజినీరింగ్ వారికేనని భావించనవసరం లేదు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, ఎన్‌పీటెల్, ఐసీపీసీ వారికీ తెరిచే ఉన్నాయి. ఎన్ఐటీలలో ఎంసీఏ ప్రవేశాలకు నిమ్‌సెట్ పరీక్ష జరుగుతుంది. డిగ్రీలో గణితం లేదా గణాంక శాస్త్రం చదివినవారు దీనికి అర్హులు. వరంగల్ ఎన్ఐటీలోనూ ఈ కోర్సు ఉంది. రాష్ట్రాలలోని కళాశాలలకు ఐసెట్ మార్గం ఉండనే ఉంది. చదువు పూర్తయి వెంటనే ఉద్యోగం దొరకనివారు జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకంలో నమోదు చేసుకుని, ఏడాది పాటు స్టైపెండ్‌తో శిక్షణ పొందవచ్చు.

సొమ్ము ఎవరు ఎవరికి చెల్లిస్తున్నారు?

ఇంటర్న్‌షిప్ నేడు అనేక కోర్సులలో తప్పనిసరి అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చారు. అవసరం పెరిగినచోట ధ్రువపత్రాలను అమ్ముకునేవారూ పుట్టుకొస్తారు. ఆకర్షణీయమైన పేరుతో సందేశం పంపడం, పరీక్ష లేకుండానే ఎంపికైనట్లు లేఖ ఇవ్వడం, ఆపై శిక్షణ రుసుమనో పూచీకత్తు అనో సొమ్ము అడగడం వీరి పద్ధతి. రెండు మూడు రోజులే గడువు అంటూ తొందరపెడతారు.

దీనిని గుర్తించడం కష్టం కాదు. ప్రవేశ పరీక్షకు, ధ్రువపత్ర పరీక్షకు, పోటీలో జట్టు నమోదుకు రుసుము ఉండటం సహజం. కానీ పని చేయించుకునే సంస్థ పని చేసేవారి నుంచి సొమ్ము తీసుకోదు.  అనుమానం కలిగితే సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లో ప్రకటన ఉన్నదీ లేనిదీ చూడాలి. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి నడిపే ఇంటర్న్‌షిప్ పోర్టల్‌లో విద్యార్థులు ఉచితంగా నమోదు కావచ్చు.

ఎంతటి ప్రసిద్ధ కార్యక్రమమైనా శాశ్వతమని భావించరాదు. ఇరవై ఏళ్ల పాటు నడిచిన గూగుల్ కోడ్ జామ్ పోటీని ఆ సంస్థ 2023లో నిలిపివేసింది. దాని పేరు ఇప్పటికీ కొన్ని మార్గదర్శక జాబితాలలో కనిపిస్తుంది. ఏ జాబితానైనా ఆ ఏటి అధికారిక ప్రకటనతో సరిచూసుకోవాలి.

సిద్ధంగా ఉంచుకోవలసినవి

ఆదాయ, కుల ధ్రువపత్రాలు, మార్కుల జాబితాలు, కళాశాల నుంచి నిరభ్యంతర పత్రం, ఒక పేజీకి మించని వ్యక్తిగత వివరాలు, తమ పనిని ఎరిగిన ఇద్దరు అధ్యాపకుల అంగీకారం: ఇవి చేతిలో ఉంటే ఏ దరఖాస్తయినా ఒక సాయంత్రంలో పూర్తవుతుంది. తాము రాసిన ప్రోగ్రాములను అందరూ చూడగలిగే చోట ఉంచడం కూడా అలవాటు చేసుకోవాలి.

కళాశాలల బాధ్యత కూడా తక్కువ కాదు. హ్యాకథాన్‌కు ప్రతిపాదన, ఐసీపీసీకి శిక్షకుడు, ఫెలోషిప్‌కు సిఫారసు లేఖ, క్రెడిట్లకు అనుమతి: వీటిలో ఏదీ విద్యార్థి ఒక్కడి వల్ల అయ్యేది కాదు. విభాగంలో ఒక్క అధ్యాపకుడు ఏడాది ఆరంభంలోనే ఈ నెలల పట్టికను నోటీసు బోర్డుపై పెట్టి, ప్రతి నెలా గుర్తుచేస్తే, చిన్న పట్టణంలోని విద్యార్థికి కూడా గడువుకు ముందే కబురు అందుతుంది.