బల్ల మీది ఫొటో

పిల్లల వాచకాల్లోని కథలు చదివితే ఆ దేశం ముందు ముందు ఎంత వృద్ధిలోకి వస్తుందో చెప్పవచ్చునని 1961లో ఒక అమెరికన్ ఆచార్యుడు వాదించాడు. ఆయన పేరు డేవిడ్ మెక్లెలాండ్, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పేవాడు. 'ది అచీవింగ్ సొసైటీ' అన్న పుస్తకం కోసం దాదాపు 40 దేశాల బడి వాచకాలు తెప్పించాడు. ఒక్కో దేశానికి 21 కథల చొప్పున తీసి, వాటిలో ఎవరైనా చేసే పనిని నిన్నటికన్నా బాగా చెయ్యాలని తపించారా లేదా అని వాక్యం వాక్యం వెతికించి మార్కులు వేయించాడు. ఆ తపనకు ఆయన పెట్టిన పేరు సాధన ప్రేరణ. అది ఎక్కువగా ఉన్న కథలు చదివి పెరిగిన పిల్లలు పెద్దయ్యాక దేశాన్ని ముందుకు నడుపుతారని ఆయన సిద్ధాంతం.

తెనాలివాళ్లకు ఈ మాట వింటే కొంచెం గర్వం, కొంచెం దిగులు కలగాలి. తెలుగు పిల్లలు తరాల తరబడి చదివిన 'చందమామ'ను 1947 జూలైలో నాగిరెడ్డితో కలిసి మొదలుపెట్టిన చక్రపాణిది తెనాలి ఐతానగర్. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. మెక్లెలాండ్ లెక్క నిజమైతే తెలుగువాడి పని తీరుకు బీజం ఈ ఊళ్లోనే పడిందనాలి. 'చందమామ'లో నెల నెలా శవాన్ని భుజానికెత్తుకుని, కథ పూర్తికాగానే మళ్లీ చెట్టు దగ్గరికి తిరిగొచ్చే విక్రమార్కుడికి ఆయన ఎన్ని మార్కులు వేసేవాడో నాకు తెలియదు. పట్టుదలకు నూటికి నూరు పడాలి. పని పూర్తయిందా అని అడిగితే మాత్రం సున్నా.

సిద్ధాంతాన్ని మనుషుల మీద పరీక్షించి చూడడానికి ఆ ఆచార్యుడు వచ్చింది మన గడ్డకే. తెనాలికి కాదు, కాకినాడకు. 1960లో ఢిల్లీలో పుట్టి 1962లో హైదరాబాద్‌కు మారిన చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ, అందరూ పొడి అక్షరాల్లో 'సియట్' అనేది, ఆయనకు ఆతిథ్యమిచ్చింది. 1964లో పని మొదలైంది. కాకినాడ అప్పటికి లక్ష జనాభా దాటిన రేవు పట్టణం. అక్కడి వ్యాపారుల్లోంచి 52 మందిని ఎంచి, జట్లు జట్లుగా హైదరాబాద్‌కు తీసుకెళ్లి సుమారు పది రోజుల పాటు శిక్షణ ఇచ్చారు. పోల్చి చూడడానికి దాదాపు అంతే ఉన్న రాజమండ్రిని ఎంచుకున్నారు. తమిళనాట వెల్లూరులో కూడా ఇదే పని జరిగింది. ఈ కథంతా మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో వెలువరించిన పుస్తకంలో ఉంది. తెలుగువాళ్ల పని జీవితం మీద మనస్తత్వశాస్త్రం చేసిన ప్రయోగాల్లో ప్రపంచమంతా పాఠంగా చెప్పుకున్నది ఇదొక్కటే అనిపిస్తుంది. కామర్స్ విద్యార్థులు ఇప్పటికీ 'కాకినాడ ప్రయోగం' అని పరీక్షల్లో రాస్తున్నారు.

ఆ పది రోజుల్లో చేయించినవాటిలో రెండు నన్ను ఎప్పుడూ ఆకర్షిస్తాయి.

మొదటిది రింగుల ఆట. నేల మీద ఒక గూటం పాతి, చేతికి కొన్ని రింగులిచ్చి, ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వారినే తేల్చుకోమంటారు. తిరునాళ్లలో సబ్బుల మీదికీ దువ్వెనల మీదికీ రింగులు విసిరే ఆట ఎరిగినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. తిరునాళ్లలో తాడు కట్టి దూరం నిర్ణయించేది దుకాణదారు, ఇక్కడ ఆడేవాడే. భయస్తుడు గూటం పక్కనే నిలబడి వేస్తాడు. గొప్పలకు పోయేవాడు గది చివర్నుంచి విసురుతాడు. సాధన ప్రేరణ ఉన్నవాడు కష్టమైనా తగిలే అవకాశమున్న మధ్య దూరం చూసుకుంటాడని మెక్లెలాండ్ గమనించాడు. అప్పు తేవడం, యంత్రం కొనడం, కొత్త సరుకు దింపడం కూడా అలాగే తూకం వేసుకోవాలని బోధ.

రెండోది బొమ్మ చూసి కథ రాయడం. బొమ్మలో ఒక మనిషి బల్ల ముందు కూర్చుని ఉంటాడు. బల్ల మీద కాగితాలు, వాటి పక్కన కుటుంబం ఫొటో. అతనేం ఆలోచిస్తున్నాడో, తర్వాత ఏం జరుగుతుందో కొద్ది నిమిషాల్లో రాయాలి. వంతెన నమూనాలో చిక్కు విప్పడానికి అతను తల బద్దలు కొట్టుకుంటున్నాడని రాస్తే సాధన కింద మార్కు పడుతుంది. భార్యాపిల్లల్ని తలుచుకుంటున్నాడు, ఆదివారం వాళ్లను ఎటైనా తీసుకెళ్లాలనుకుంటున్నాడు అని రాస్తే ఆ మార్కు పడదు. అది మరో ఖాతా, మనుషుల తోడు కోరుకునే ఖాతా. శిక్షణలో చేరినవాళ్లకు ఈ మార్కుల కిటుకు దాచలేదు, పైగా నేర్పారు. అలా ఆలోచించడం అలవాటు చేసుకుంటే అలాగే బతుకుతారన్నది నమ్మకం.

రెండేళ్ల తర్వాత వెళ్లి చూస్తే ఫలితం కనిపించింది. శిక్షణ పొందినవాళ్లలో దాదాపు సగం మంది కొత్త వ్యాపారం పెట్టడమో, ఉన్నదాన్ని పెంచడమో, ఏదో ఒక అసాధారణమైన చొరవ చూపారు. శిక్షణ పొందనివాళ్లలో అలాంటివారు అందులో ఇంచుమించు సగమే. కులం, ఆచారం, కర్మ సిద్ధాంతం మనల్ని వెనక్కి లాగుతాయని అప్పట్లో పాశ్చాత్య పండితులు తేలిగ్గా అనేసేవారు. సంప్రదాయాన్ని వదలకుండానే మనిషి పని తీరు మార్చుకోగలడని కాకినాడ చూపించింది. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఆ పుస్తకంలో ప్రగతిని కొలిచిన అంశాలు చూస్తే ఒకచోట ఆగిపోతాం. పెట్టుబడి, ఆదాయం, కొత్తగా పెట్టుకున్న పనివాళ్ల సంఖ్య, వీటి సరసన పనిచేసిన గంటలు కూడా ఉన్నాయి. ఎక్కువ గంటలు పనిచెయ్యడం మంచి మార్పు కిందే జమ అయింది. నిద్ర పట్టిందా, ఇంట్లో మాట పెరిగిందా, ఛాతీలో నొప్పి వచ్చిందా అన్నవి ఆ పట్టికలో లేవు. ఆ వ్యాపారుల మిల్లుల్లో బస్తాలు మోసినవాళ్లను బొమ్మ చూపించి కథ అడిగిన దాఖలా కూడా లేదు. మనస్తత్వశాస్త్రం మన గడప తొక్కింది యజమాని ఆశను పెంచడానికి. కూలివాడి అలసట సంగతి అడగడానికి కాదు. దాన్ని తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు, 1960లలో పేద దేశాలన్నిటి ముందున్న ప్రశ్న ఉత్పత్తి పెంచడమే. కానీ ఆ ప్రశ్నకు అలవాటు పడి, పని మనిషి మనసును ఏం చేస్తుందన్న రెండో ప్రశ్న మనం మరిచిపోయాం.

రెండో ప్రశ్న అడిగినవాడు తెనాలిలోనే ఉన్నాడు, కాకపోతే శాస్త్రవేత్త కాదు. తెనాలి పురపాలక సంఘానికి అధ్యక్షుడిగా చేసిన త్రిపురనేని రామస్వామి చౌదరి కొడుకు గోపీచంద్ 1940లలో 'అసమర్థుని జీవయాత్ర' రాశాడు. తెలుగులో మొదటి మనోవైజ్ఞానిక నవలగా దాన్ని చెప్పుకుంటారు. వంశ ప్రతిష్ఠ పేరుతో ఆస్తి కరగదీసి, ఏ పనిలోనూ ఇమడలేక కూలిపోయిన సీతారామారావు కథ అది. మెక్లెలాండ్ అతనికి మార్కులు వేసి పక్కన పెట్టేవాడు. గోపీచంద్ మాత్రం పని లేని మనిషి మనసు లోపల ఎలా కుళ్లుతుందో చివరిదాకా వెంట నడిచి చూశాడు. కాకినాడ శిక్షణ మొదలయ్యేనాటికి గోపీచంద్ లేడు, 1962 నవంబరులో పోయాడు.

పనివాడి వైపు నుంచి చూసిన మనస్తత్వ పరిశోధన అప్పటికే మరోచోట సాగుతోంది. షికాగో పక్కన హాథార్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 దాకా జరిగిన ప్రయోగాలు అందరికీ తెలిసినవే. దీపాల వెలుతురు పెంచినా తగ్గించినా ఉత్పత్తి పెరిగిందన్న ప్రసిద్ధ కథను తర్వాతివాళ్లు లెక్కలు తిరగేసి చాలావరకు కొట్టేశారు. మన దేశంలో జరిగిన ప్రయోగం దానికన్నా గట్టిది. 1953లో లండన్ టావిస్టాక్ సంస్థ నుంచి వచ్చిన ఎ.కె. రైస్ అహ్మదాబాద్ కాలికో మిల్లులో కొత్తగా పెట్టిన ఆటోమేటిక్ మగ్గాల షెడ్డు చూశాడు. యంత్రాలు కొత్తవి, ఉత్పత్తి మాత్రం అంతంతమాత్రం. పనిని ముక్కలు ముక్కలుగా కోసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క అంటగట్టారు. ఎవరు ఎవరికి తోడో ఎవరికీ తెలియదు. కొన్ని మగ్గాలకు ఒక చిన్న జట్టు బాధ్యత తీసుకునేలా చేద్దామని రైస్ సూచిస్తే, పనివాళ్లు ఆ మాట అందుకుని జట్లు తామే కట్టుకున్నారు. కొంతకాలం తడబడినా ఉత్పత్తి పెరిగింది, పాడైన బట్ట తగ్గింది.

ఇది చదివితే బాపట్లకు కూతవేటు దూరంలోని చీరాల, పేరాల నేతవాళ్లు నవ్వుకుంటారు. ఒకరు ఆసు పోస్తే, ఒకరు కండెలు చుడితే, ఒకరు గుంట మగ్గంలో కూర్చుంటే ఇల్లంతా ఒక జట్టుగా నేసిన బట్ట అది. తెనాలి మార్కెట్లో హమాలీలది ముఠా. బస్తా ఎవరు ఎత్తినా వచ్చిన కూలి పంచుకుంటారు. నాట్ల రోజుల్లో ఎకరానికింతని గుత్త మాట్లాడుకుని మడిలో దిగే ఆడవాళ్లదీ ముఠాయే. ఎప్పుడు దిగాలో, ఎప్పుడు గట్టెక్కాలో, ఎవరికి ఒంట్లో బాగాలేకపోతే ఎవరు సర్దుకోవాలో వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు. గుత్త పనిలో నడుం విరిగే వేగముంది, పిల్ల తల్లి ఆ వేగం అందుకోలేదు, కూలి రేటు నిర్ణయించేదీ వాళ్లొక్కరే కాదు. అంచేత దీన్ని స్వర్గమని చెప్పను. కానీ పని మీద కొంత పెత్తనం పనిచేసేవాళ్ల చేతిలో ఉంది.

ఆ పెత్తనానికీ ఆరోగ్యానికీ ఉన్న లంకె లండన్ గుమస్తాల వల్ల బయటపడింది. 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం దాదాపు 18,000 మంది మగ ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించింది. గుండెపోటు పెద్ద బాధ్యతలు మోసే పెద్ద దొరలకు వస్తుందని అందరూ అనుకునేవారు. తీరా చూస్తే అట్టడుగు శ్రేణిలో గుండెజబ్బు చావులు పై శ్రేణిలో కన్నా సుమారు మూడు రెట్లు. సిగరెట్లు, రక్తపోటు వంటివి ఆ తేడాలో సగం కూడా వివరించలేకపోయాయి. 1979లో రాబర్ట్ కరాసెక్ దీనికొక ఆకారం ఇచ్చాడు. పని ఒత్తిడి ఒక్కటే మనిషిని కుంగదీయదు, ఒత్తిడి ఎక్కువగా ఉండి నిర్ణయం చేతిలో లేనప్పుడు కుంగదీస్తుంది. 1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనం 10,308 మందిని తీసుకుని, పని మీద పట్టు లేనివాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువని చూపించింది. ఈ సారి లెక్కలో ఆడవాళ్లూ ఉన్నారు.

లండన్ సంగతి అలా ఉంచి పొరుగునున్న తమిళనాడు చూద్దాం. 2013లో అచ్చయిన ఒక పరిశోధన 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, డబ్బు చేతికొచ్చాక ఒకసారి తర్కం, ఏకాగ్రత పరీక్షలు పెట్టింది. అదే రైతు కోతకు ముందు తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. తెలివి తగ్గిందని కాదు, చేతిలో డబ్బాడని దిగులు బుర్రలో చోటు ఆక్రమించిందని వాళ్లు తేల్చారు. కృష్ణా పశ్చిమ డెల్టాలో కౌలు రైతు కార్తీకంలో ఎలా ఉంటాడో, సంక్రాంతికి ధాన్యం డబ్బులు అందాక ఎలా ఉంటాడో చూసినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది. సాంబ మసూరి అని దేశమంతా తినే బీపీటీ 5204 ఈ ఊరి పేరే మోస్తోంది. విత్తనం మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు ఆ విత్తనం చల్లిన మనిషి మనసు మీద పెట్టి ఉంటే మన దగ్గర కూడా ఇలాంటి అధ్యయనాలు పుట్టేవి.

ఇంకొకటి చెన్నైలో జరిగింది, 2021లో అచ్చయింది. కంప్యూటర్ మీద అంకెలు ఎక్కించే పనికి 452 మంది పేదవాళ్లను పెట్టుకుని వాళ్ల నిద్ర కొలిచారు. మంచం మీద ఎనిమిది గంటలున్నా పట్టే నిద్ర ఐదున్నర గంటలే. దోమలు, ఉక్క, చప్పుళ్లు. కొందరికి సలహాలూ వస్తువులూ ఇచ్చి రాత్రి నిద్ర అరగంట దాకా పెంచితే పనిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పనిచేసేచోటే మధ్యాహ్నం అరగంట పడుకోనిచ్చినవాళ్లు మాత్రం పని మెరుగ్గా చేశారు, మనసూ తేలికపడింది. నిద్ర ఎంత సేపన్నదే కాదు, ఎలాంటిదన్నది కూడా ముఖ్యమని దీన్నిబట్టి ఊహించవచ్చు. రేపల్లె వైపు గట్ల మీద చద్ది మూట విప్పుకుని తిని, తుమ్మచెట్టు నీడన కొంగు పరుచుకుని కునుకు తీసే నాట్లమ్మలకు ఈ పరిశోధన చదివి వినిపించాలని నాకు చాలాసార్లు అనిపించింది. 'దానికి అంత డబ్బు ఖర్చుపెట్టారా' అని అడుగుతారేమోనని సందేహించాను.

ఆ నాట్లమ్మల మనవలు ఇప్పుడు 1916లో వేసిన రేపల్లె లైనులో తెనాలి దాకా వచ్చి, అక్కడ బండి మారి హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్తున్నారు. అక్కడ వాళ్లకు కుర్చీ ఉంది, ఏసీ ఉంది, గట్టూ కునుకూ లేవు. ఏ పని ఎప్పటికి ముగించాలో స్క్రీను చెబుతుంది. కరాసెక్ లెక్కలో వాళ్లు చాలామంది లండన్ అట్టడుగు గుమస్తా గడిలోకే వస్తారు. పని వల్ల మనసుకు కలిగే హానిని ఎలా తగ్గించాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో మార్గదర్శకాలు వెలువరించింది. పనివాడికి ఓర్పు నేర్పడంతో సరిపెట్టుకోకుండా పని తీరునే సరిచెయ్యమని అందులోని ముఖ్యమైన సలహా. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆమోదించింది మరొకటి: కర్మాగారాల్లో రోజు పని గరిష్ఠ పరిమితి 9 గంటల నుంచి 10 గంటలు. గంటలు పెరగడం మళ్లీ ప్రగతి పట్టికలోకే ఎక్కింది.

మన విశ్వవిద్యాలయాల్లో మనస్తత్వశాస్త్రం చదివే పిల్లలకు ఒక మనవి. ఆ పాత బొమ్మ ఇంకా దొరుకుతుంది. దాన్ని పట్టుకుని ఈసారి మిల్లు యజమాని గదికి కాకుండా తెనాలి మార్కెట్ యార్డుకీ, రేపల్లె పొలాల గట్ల మీదికీ, బాపట్ల నుంచి వెళ్లిన కుర్రవాళ్ల హాస్టల్ గదులకూ రండి. వాళ్లు చెప్పే కథలు రాసుకోండి. ఫొటో వైపు చూసినవాడికీ ఒక మార్కు వెయ్యండి.