మార్లవాయి బడి నుంచి గుంజాల లిపి దాకా



మన గూడేల్లో బడి ఉండటం ఈ రోజు మామూలు విషయం. ఎనభై ఏళ్ల కిందట పరిస్థితి వేరు. మన తాతల్లో చాలామందికి కాగితం అంటే భయం. అడవి కొట్టి, పోడు చేసి, తరాలుగా దున్నుకున్న భూమి ఎవరి పేరున రాసి ఉందో చదువుకోలేకపోయారు. వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో తెలియక చేలు పోగొట్టుకున్నారు. అందుకే మన చదువు చరిత్రను మన భూమి చరిత్ర నుంచి విడదీసి చూడలేం.

1940లో జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీం అమరుడయ్యారు. మన వాళ్ల బాధ ఏమిటో తెలుసుకోక తప్పదని నిజాం ప్రభుత్వానికి ఆ పోరాటం తర్వాతే అర్థమైంది. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆ పని మీద మన ప్రాంతానికి పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో మకాం పెట్టి, మన మధ్యనే బతికారు. భూమితో పాటు చదువు కూడా కావాలని ఆయన ప్రభుత్వానికి చెప్పారు. అలా 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది.

బడి పెట్టాలంటే ముందు పంతులు కావాలి. బయటి నుంచి వచ్చే పంతులుకు గోండి రాదు, పిల్లలకు ఆయన భాష రాదు. అందుకని మన వాళ్లలోనే అంతో ఇంతో అక్షరం తెలిసిన కొద్దిమందిని వెతికి, వాళ్లకే శిక్షణ ఇచ్చారు. ఆ ప్రాంతంలో మరాఠీ వాడుక ఉండటంతో గోండి వాచకాలను దేవనాగరి లిపిలో తయారు చేశారు. పిల్లలు ముందు గోండిలో అక్షరాలు దిద్ది, ఆ తర్వాత ఇతర భాషలకు వెళ్లేవారు. గోండి నేర్చుకుని మన మధ్య పనిచేసిన అధికారి సేతు మాధవరావు పగడిని కూడా ఇక్కడ తలుచుకోవాలి.

ఈ పద్ధతి ఎందుకు మంచిదో ఒక్క మాటతో చూద్దాం. మన ఇంట్లో నీళ్లను 'ఏర్' అంటాం. తెలుగులో 'ఏరు' అంటే వాగు. ఇంటిని మనం 'రోన్' అంటాం. తెలుగు వాచకంలో ఇల్లు బొమ్మ పక్కన 'ఇ' అని ఉంటుంది. బొమ్మ చూసిన మన పిల్లవాడి నోట వచ్చేది 'రోన్'. ఆ మాటలో 'ఇ' ఎక్కడా లేదు. పంతులు తప్పు అంటాడు. నిజానికి వాడు తప్పు చెప్పలేదు, తన భాషలో చెప్పాడు. చదవడం అంటే నోటిలో ఉన్న శబ్దానికి కంటి ముందు గుర్తు దొరకడం. ఆ శబ్దం ఇంటి మాటలో దొరికితే పిల్లవాడు అక్షరాన్ని త్వరగా పట్టుకుంటాడు. ఒకసారి పట్టుకున్నాక రెండో భాష చదవడానికి అదే మెట్టు అవుతుంది.

ఇది మన ఒక్కరి అనుభవమే కాదు. మనకంటే ముందే గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడి ప్రాంతంలో సవర భాష నేర్చుకుని, వాచకాలు రాసి, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు.

తర్వాత కాలం మారింది. 1948లో నిజాం పాలన పోయింది. 1956లో మన జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. బడి భాష తెలుగైంది. అదే ఏడాది ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించాలని చెప్పే 350ఎ అధికరణం రాజ్యాంగంలో చేరింది. అయినా మన పిల్లలకు గోండి వాచకం మళ్లీ చేతికి రావడానికి దశాబ్దాలు పట్టింది. 2000 తర్వాత గోండి, కోయ, కొలామి, సవర వంటి భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. అవి అన్ని గూడేలకూ చేరలేదు, చేరిన చోట కూడా అన్నిచోట్లా నిలవలేదు.

ఇంతలో నార్నూర్ మండలం గుంజాలలో పెద్దలు దాచుకున్న రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి వారు వాటిపై శ్రద్ధ పెట్టారు. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. మనకు రాత లేదన్న మాటకు గుంజాల పెద్దల పెట్టెలే జవాబు చెప్పాయి.

బెట్టీ ఎలిజబెత్ 1987లో కన్నుమూసి మార్లవాయి మట్టిలోనే ఒదిగారు. హైమన్‌డార్ఫ్ చితాభస్మం కూడా 2012లో ఆమె పక్కకే చేరింది. ఏటా అక్కడ దండలు వేస్తున్నాం. మంచిదే. కానీ వాళ్లతో కలిసి మన తొలి పంతుళ్లు మొదలుపెట్టిన పని సగంలో ఉంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీలో చాలామందికి తెలుగు, ఇంగ్లిషు చదవడం వచ్చు. గోండిలో ఒక ఉత్తరం రాయమంటే మాత్రం ఆగిపోతాం, మేమూ ఆగిపోతాం. ఈ దండారి పండుగకు ఊరు వెళ్లినప్పుడు అవ్వ చెప్పే ఒక్క కథను గోండిలోనే రాసుకోండి. గుంజాల లిపి వస్తే అందులో, రాకపోతే తెలుగు లిపిలో రాయండి. రాసింది ఇంట్లో చిన్నపిల్లల చేత చదివించండి. మన బడి మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది.