ఇనుప రజను, ఇసుక, కుండ: బంగ్లాదేశ్‌లో ఆర్సెనిక్ నీటి శుద్ధి చరిత్ర

బంగ్లాదేశ్ గ్రామాలలో గొట్టపు బావుల విస్తరణ సదుద్దేశంతో జరిగింది. చెరువునీటి వలన కలిగే కలరా, అతిసారాల నుండి ప్రజలను కాపాడటానికి 1970ల నుండి యునిసెఫ్ సహకారంతో లక్షలాది చేతిపంపులు వెలిశాయి. నీటిలో సూక్ష్మజీవులున్నాయా అని చూశారు. ఆర్సెనిక్ ఉన్నదా అని చూడలేదు. పొరుగున పశ్చిమ బెంగాల్‌లో డాక్టర్ కె. సి. సాహా 1983లోనే రోగుల చర్మంపై దాని జాడను గుర్తించినా, బంగ్లాదేశ్‌లో చాపాయ్ నవాబ్‌గంజ్ బావులలో అది బయటపడటానికి 1993 వరకు పట్టింది. ఆ తరువాత జరిగిన సర్వేలో 3,534 బావులను పరీక్షించగా, లోతు తక్కువ బావులలో 27 శాతం లీటరుకు 50 మైక్రోగ్రాముల జాతీయ పరిమితిని మించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 10 మైక్రోగ్రాములు మాత్రమే.

ఆర్సెనిక్ ఖచ్చితార్థంలో అర్ధలోహం. విషప్రభావం దృష్ట్యా భారలోహాలతో కలిపి చెప్పటం వాడుక. హిమాలయాల నుండి నదులు మోసుకొచ్చిన ఒండ్రు రేణువులపై ఇనుప ఆక్సైడు పొర ఉంటుంది, ఆ పొరను అంటిపెట్టుకొని ఆర్సెనిక్ ఉంటుంది. భూగర్భంలో ఆక్సిజన్ లేనిచోట సూక్ష్మజీవులు ఆ ఆక్సైడును క్షయకరణం చేసినపుడు ఇనుము, ఆర్సెనిక్ రెండూ నీటిలోకి దిగుతాయి. పంపునీరు బిందెలో కొంతసేపు నిలిస్తే అడుగున తుప్పురంగు మడ్డి చేరటం ఆ గ్రామాలలో అందరికీ తెలిసిన విషయమే. గాలి తగిలిన ఇనుము తిరిగి హైడ్రాక్సైడుగా మారి, కొంత ఆర్సెనిక్‌ను తనతోపాటు కిందికి లాగుతున్నదన్నమాట. విషాన్ని విడిచిపెట్టిన ఖనిజమే దానిని తిరిగి పట్టుకోగలదన్న ఈ సత్యంపైనే చౌక అధిశోషకాల కృషి అంతా ఆధారపడింది. అయితే నీటిలో సహజంగా ఉన్న ఇనుము చాలదు. ఫాస్ఫేటు, సిలికేటు అవే అధిశోషణ స్థానాల కోసం పోటీపడతాయి. పైగా త్రిసంయోజక ఆర్సెనిక్‌కు ఆవేశం లేనందున అది గట్టిగా అంటుకోదు.

కొరతపడిన ఇనుమును బయటినుండి అందించినది ‘మూడు కొల్షీల’ వడపోత. కొల్షీ అంటే బెంగాలీలో కుండ. ఒకదానిపై ఒకటి పేర్చిన మూడు కుండలలో నీరు వడగట్టుకోవటం అక్కడి పాత అలవాటు. పై కుండలో ఇనుప రజను, ఇసుక. మధ్యకుండలో ఇసుక, బొగ్గు. కింది కుండలో తాగునీరు. తుప్పుపట్టే ఇనుము త్రిసంయోజక ఆర్సెనిక్‌ను పంచసంయోజక రూపంలోకి మార్చటానికి తోడ్పడి, కొత్తగా ఏర్పడిన హైడ్రాక్సైడుపై దానిని బంధిస్తుంది. ఆర్సెనిక్ బాగా తగ్గింది కానీ, కొన్నాళ్లకే రజను ముద్దకట్టి నీటిదారిని మూసివేసేది. కుష్టియాకు చెందిన రసాయన శాస్త్రవేత్త అబుల్ హుస్సామ్ తన సోదరునితో కలిసి దీనికి పరిష్కారం వెతికారు. వదులు రజనుకు బదులు సచ్ఛిద్రమైన సంయుక్త ఇనుప మాత్రికను వాడారు. అదే ‘సోనో’ వడపోత. అప్పట్లో దాని ధర 35–40 డాలర్లు ఉండేది. 2007లో దీనికి గ్రెయింజర్ బహుమతి కింద పది లక్షల డాలర్లు లభించాయి.

బహుమతి కథనాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. అయితే సుమారు యాభై లక్షల బావులను పరీక్షించి, విషమున్న పంపులకు ఎరుపు, సురక్షితమైన వాటికి ఆకుపచ్చ రంగు వేసిన కార్యక్రమం కూడా ఈ చరిత్రలో భాగమే. పొరుగింటి ఆకుపచ్చ పంపుకు బిందెతో నడిచి వెళ్లటం ద్వారా విషం నుండి తప్పించుకున్నవారే వడపోత వాడినవారికంటే ఎక్కువ. ఆ నడక భారం దాదాపుగా స్త్రీలదే. నల్లగొండ ఫ్లోరైడు నీటికి నీరీ సంస్థ రూపొందించిన పటిక–సున్నం పద్ధతి కూడా ఇంటివారి రోజువారీ శ్రమను కోరినదే. సోనోలో ఆ శ్రమ తక్కువే కాని చిక్కు మరొకచోట ఉన్నది. ఏ అధిశోషకమైనా ఒకనాటికి నిండిపోతుంది. ఆర్సెనిక్‌కు రంగు, రుచి, వాసన లేవు. కింది కుండలోని నీరు నిన్నటిలాగే తేటగా ఉంటుంది. మాత్రిక ఎప్పుడు అలసిపోయిందో పరీక్ష మాత్రమే చెప్పగలదు, ఆ పరీక్ష వడపోత ధరలో కలిసి రాదు.