మాట నుంచి అర్థానికి దారి

కాగజ్‌నగర్‌ సిర్పూర్ పేపర్ మిల్లులో కాగితం ఎలా తయారవుతుందో తెలుగులో రాయబోతే మొదటి పేరాలోనే పల్పు, డైజెస్టరు, బ్లీచింగు వచ్చిపడతాయి. 1938లో పుట్టిన మిల్లు కాబట్టి ఆ ఊరివాళ్లకు అవి కొత్త కాదు. బయటి చదువరికి మాత్రం ఒక్కోటీ విప్పి చెప్పాలి. మాటమాటకీ ఆగితే రాత సాగదు. అర్థాలన్నీ పదకోశంగా ఒకచోట పెట్టి, మాటను నొక్కగానే అక్కడికి చేర్చాలి. ఆ దారిని మామూలు కీబోర్డు గుర్తులతో వేయడానికి చాలామంది ప్రయత్నించారు.

1990ల మొదట్లో ఇయన్ ఫెల్డ్‌మన్ తన సెటెక్స్ట్ అనే రాతపద్ధతిలో మాట చివర ఒక అండర్‌స్కోర్ పెట్టి లింకు అన్నాడు. 1995లో వార్డ్ కనింగ్‌హామ్ మొట్టమొదటి వికీలో అదీ లేదు: రెండు మూడు ఇంగ్లిష్ మాటలను కలిపేసి, ఒక్కోదాని మొదటి అక్షరం పెద్దబడిలో రాస్తే అదే లింకు. పెద్దబడి, చిన్నబడి అనే తేడాయే లేని మన లిపికి అందులో చోటు లేదు. 2001లో క్లిఫర్డ్ ఆడమ్స్ తన యూజ్‌మాడ్ వికీలో జంట చదరపు బ్రాకెట్లు తెచ్చాడు. 2003లో తెలుగు వికీపీడియా మొదలయ్యేనాటికి ఆ పద్ధతి సిద్ధంగా ఉంది.

మనకు అసలు చిక్కు విభక్తులతో. పదకోశంలో ఉండేది ‘పల్పు’. వాక్యంలో వచ్చేది పల్పులో, పల్పుకి, పల్పుతో. వికీపీడియాను నడిపే మీడియావికీలో దీనికోసమే తెలుగుకు విడిగా ఒక నియమం ఉంది. బ్రాకెట్లు మూసిన వెంటనే తెలుగు అక్షరాలు వస్తే అవీ లింకులో కలిసిపోతాయి. [[పల్పు]]లో అని రాస్తే ‘పల్పులో’ అంతా లింకుగా కనిపిస్తుంది, చేరేది మాత్రం ‘పల్పు’ దగ్గరికే. ఒకే ఒక్క వరుస కోడ్ అది. తెలుగులో రాసేవాళ్లకు అంత మేలు చేసిన వరుసలు తక్కువ.

సాఫ్ట్‌వేర్ పత్రాల వైపు కథ వేరేగా నడిచింది. డేవిడ్ గుడ్జర్ రూపొందించిన రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే రాతపద్ధతి సెటెక్స్ట్‌లోని ఆ పాత అండర్‌స్కోర్‌ను నిలబెట్టింది. దానిమీద కట్టిన స్ఫింక్స్‌ను గియోర్గ్ బ్రాండ్ల్ పైథాన్ ప్రోగ్రామింగ్ భాష పత్రాల కోసం తయారుచేసి 2008లో విడుదల చేశాడు. అందులో పదకోశానికి విడిగా ఒక భాగం, దానికి లింకు వేయడానికి ‘టర్మ్’ అనే గుర్తు ఉంటాయి. పదకోశంలో లేని మాటకు ఆ గుర్తు పెడితే పత్రం తయారయ్యేటప్పుడే హెచ్చరిక వస్తుంది. వందల పేజీల పత్రంలో అర్థం చెప్పకుండా వదిలేసిన మాట అలా దొరికిపోతుంది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

విభక్తి దగ్గర మాత్రం స్ఫింక్స్ మొండికేస్తుంది. మూసిన గుర్తుకు ‘లో’ అంటించి రాస్తే అసలు లింకుగానే గుర్తించదు. చూపాల్సిన రూపం, పదకోశంలోని రూపం రెండూ ఇవ్వాలి. మీడియావికీ సౌకర్యానికీ హద్దుంది. ‘కాగితంలో’ అంటే సరిపోతుంది. ‘కాగితానికి’ అన్నప్పుడు మాట మూలరూపమే మారిపోతుంది కాబట్టి అక్కడా రెండు రూపాలూ మధ్యలో నిలువు గీతతో చేత్తో రాయాల్సిందే.