ఆరు వోల్టుల దీపం

దీపం ఆరిందని మన పెద్దలు అనరు, కొండెక్కిందంటారు. పాత మోటారుసైకిళ్ళ విషయంలో ఆ మాటకు నాకు మరో అర్థం తోస్తుంది: బల్బు మాడటం కాదు, మారు బల్బు దొరకకపోవడం.

జనెచెక్, వాండరర్ అనే రెండు పేర్ల తొలి అక్షరాలు కలిస్తే ‘జావా’. ఈ చెక్ దేశపు బండిని మైసూరులో ఐడియల్ జావా సంస్థ 1961 నుండి తయారుచేసింది. అదే తరువాత యెజ్డీ అయింది. 1996లో కర్మాగారం మూతపడింది. నా యెజ్డీ వంటి వాటికి విద్యుత్తు 6 వోల్టులే. అంతే వెలుగుకు 12 వోల్టులలో సగం కరెంటు చాలు, తీగలలో వృథా తగ్గుతుంది. కనుక తరువాతి బండ్లన్నీ 12కు మారాయి. ఆ బల్బును నా బండికి తగిలిస్తే ఎర్రగా మిణుకుమంటుంది, దారి కనబడదు.

1578 నాటి పురానాపూల్ దాపున జుమ్మెరాత్ బజారు ఉంది. జుమ్మెరాత్ అంటే గురువారం. అక్కడి పాత సామాన్ల నడుమ వెదకగా, తుప్పుపట్టిన హెడ్‌లైటు డూములో 6 వోల్టుల బల్బు ఒకటి దొరికింది. రెండోది లేదు.

కొత్త బండ్ల దీపాలు పగలు కూడా వెలుగుతూనే ఉండాలని 2017 ఏప్రిల్ నుండి నియమం వచ్చింది. నా బండికి రాత్రి వెలుగైనా ఈ ఒక్క బల్బు మాడేదాకానే. మిత్రులారా, మీ ఊరి పాత దుకాణాలలో ఇట్టివి కనబడితే రెండు నా పేర అట్టిపెట్టగలరు.