స్పర్శకు నియమము - ఒక వైద్యవృత్తి చరిత్ర

రోగి ఒంటిపై చేయి వేయనిదే ఫిజియోథెరపీ సాగదు. బిగిసిన మోకాలిని వంచవలెనన్నను, పక్షవాతము వచ్చిన వానిని లేపి నిలబెట్టవలెనన్నను చికిత్సకుని చేతులే ముఖ్య సాధనములు. కాని పరిచయము లేనివారి శరీరమును తాకవలసి వచ్చినప్పుడు కొత్త విద్యార్థి జంకుట సహజము. ఈ జంకు నేటిది కాదు. ఈ వృత్తికి పునాది వేసినవారు కూడ దీనిని ఎదుర్కొనవలసివచ్చెను.

19వ శతాబ్దము చివర ఇంగ్లండులో వైద్యులు కొన్ని వ్యాధులకు మర్దన చికిత్సను సూచించుచుండిరి. శిక్షణ పొందిన నర్సులు పలువురు ఆ పని చేయుచుండిరి. అట్టి తరుణములో, 1894లో, లండనులోని కొన్ని మర్దనశాలలు వ్యభిచారమునకు తెరచాటుగా ఉన్నవని ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ హెచ్చరించెను. దానితో నిజాయితీగా పనిచేయు స్త్రీలపై కూడ అనుమానము పడెను. రోగిని తాకుటయే నిందకు కారణమయ్యెను.

ఆ సంవత్సరమే లూసీ రాబిన్సన్, రోజలిండ్ పాజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అను నలుగురు నర్సులు శిక్షణ పొందిన మర్దనకారిణులకై ఒక సంఘమును స్థాపించిరి. నిందకు వెరచి వారు పని మానలేదు. పనికి కట్టుబాట్లు ఏర్పరచిరి. వైద్యుని ఆదేశము లేక చికిత్స చేయరాదు. పురుషులకు సాధారణముగా ఒళ్లంతయు మర్దనము చేయరాదు. అత్యవసరములందు వైద్యుడు ప్రత్యేకముగా కోరినచో చేయవచ్చును. వైద్యపత్రికలలో తప్ప ప్రకటనలు వేయరాదు. రోగులకు మందులు అమ్మరాదు. అభ్యర్థినులకు పరీక్షలు కూడ పెట్టిరి. ఏ కండరము ఎముకకు ఎక్కడ అంటియున్నదో, ఏ కీలు ఎంతవరకు కదలునో ఎరిగిన చేతికి తడబాటు తగ్గును. తాను ఎందుకు తాకుచున్నదో తెలిసిన మనిషికి సంకోచమును తగ్గును.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. గాయపడిన సైనికులు వేలకొలదిగా ఆసుపత్రులకు చేరిరి. పురుషులకు చికిత్స చేయుటకు అంతవరకు వెనుదీసిన వృత్తికి ఇపుడు రోగులందరును పురుషులే యైరి. ఆ యేడు ఏర్పడిన అల్మెరిక్ పాజెట్ దళము 50 మంది మర్దనకారిణులతో ఆరంభమాయెను. పాత నిషేధము యుద్ధమునకు నిలువలేదు. దాని వెనుకనున్న క్రమశిక్షణ మాత్రము నిలిచెను. 1920లో సంఘమునకు రాజశాసనము లభించెను. 1940ల దశకములో దాని పేరులో మర్దనము పోయి ఫిజియోథెరపీ వచ్చెను.

ఆనాటి కట్టుబాట్లు ముఖ్యముగా చికిత్సకురాలి గౌరవమును కాపాడుటకు పుట్టినవి. నేటి శిక్షణలో రోగి గౌరవమునకును అంత చోటున్నది. చేయబోవు పనిని ముందుగా వివరించవలెను; రోగి సమ్మతి పొందవలెను; అవసరమైన భాగము తప్ప తక్కినదానిని కప్పియుంచవలెను; వద్దన్న వెంటనే ఆపవలెను. విద్యార్థులు మొదట ఒకరిపై ఒకరు అభ్యాసము చేయుదురు. తాకించుకొనునపుడు కలుగు బిడియము ఎట్టిదో అప్పుడే వారికి తెలియును. ఆ అనుభవము మరవనివాని చేయి రోగికి భయము కలిగింపదు.